క్లౌ దొరగారు – కరువు, కాలువ, కృప



మనము ఏ రాష్ట్రములో స్థిరపడినా, ఏ భాషవారి మధ్య కాపురమున్నా, ఒక మాట మాత్రము మన వెంటే వచ్చింది. మన తాతముత్తాతలు బియ్యము కోసము మతము పుచ్చుకున్నారన్న మాట. అది మనలో కొందరము పనిచేసే చోట విన్నాము. మన పిల్లలు బడిలో విన్నారు. కొందరు తలదించుకున్నారు, కొందరు కోపపడ్డారు. జరిగిన సంగతి తెలిసి నెమ్మదిగా జవాబు చెప్పగలిగినవారు మాత్రము కొద్దిమందే.

అందుచేత ఈ సంచికలో డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ గారి జీవితమును మరల జ్ఞాపకము చేసికొందామని తలంచాము. మన పెద్దలు ఆయనను క్లౌ దొరగారు అనే పిలిచారు. ఒక మంచిపని చేసి దానికి ప్రతిగా విశ్వాసమును అడగవచ్చునా? ఆకలితో వచ్చినవాని విశ్వాసమును నమ్మవచ్చునా? కృపకును క్రియలకును ఉన్న సంబంధమేమి? ఈ ప్రశ్నలు వేదాంత పాఠశాలలో అడుగుట సులభము. క్లౌ గారికి అవి కాలువగట్టు మీద, చావు బ్రతుకుల మధ్య ఎదురైనవి.

సుద్దగీత

క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో ఫ్రూస్‌బర్గ్ అను ఊరి దగ్గర జన్మించారు. అదే సంవత్సరములో శామ్యూల్ డే గారు తెలుగువారి మధ్య సువార్త పనికై మన దేశమునకు వచ్చారు. క్లౌ గారి కుటుంబము కూడా మనవంటి వలస కుటుంబమే. బ్రతుకుతెరువు కోసము పడమటికి కదిలి, ఇల్లినాయిలో కొంతకాలముండి, తరువాత అయోవాకు చేరినవారు. యౌవనములో క్లౌ గారు మిన్నెసోటా అడవులలో ప్రభుత్వ సర్వేయర్ల దగ్గర పనిచేసి, నేల కొలుచుట, మట్టముచూచుట నేర్చుకున్నారు. ఈ విద్య తరువాత ఎక్కడ అక్కరకు వచ్చెనో ముందు చూస్తాము.

అప్పటికి ఆయనకు దేవుని సంగతులు పట్టలేదు. లాయరు కావాలని ఆశ. బర్లింగ్టన్ అను పట్టణములో చదువుకొనేటప్పుడు ఆయన గదిలో ఉన్న మరొక విద్యార్థి ప్రతిదినము ప్రార్థన చేసేవాడు. అది చిరాకు కలిగించి, క్లౌ గారు సుద్దముక్కతో గది మధ్య గీత గీసి, ప్రార్థనలేవైనా ఉంటే ఆ గీతకు అవతల జరుపుకొమ్మని చెప్పారట. ఆ గీత ఎక్కువ కాలము నిలువలేదు. ఆ పట్టణములోనే ఆయన మారుమనస్సు పొంది, 1858లో బాప్తిస్మము తీసికొన్నారు. తాను వెదకి దేవుని కనుగొనలేదు, వద్దని గీత గీసినా దేవుడే తనను వెదకివచ్చాడు. కృప అనే మాటకు ఆయన నేర్చిన మొదటి అర్థము ఇదే.

1861లో హారియెట్ సండర్లాండ్ గారిని వివాహమాడి, 1862లో చదువు ముగించి, 1864 చివరలో జూయెట్ గారితో కలిసి బోస్టనులో ఓడ ఎక్కారు. 1865 ఏప్రిలులో మద్రాసు చేరారు. ఆనాటికి తెలుగు మిషను పేరుకే మిషను. ఫలము లేదని దానిని మూసివేయుటకు అమెరికాలో ఒకటికి రెండుసార్లు ఆలోచన జరిగింది. లైమన్ జూయెట్ గారు పట్టు వదలలేదు గనుక అది నిలిచింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆయన, ఆయన భార్య, నెల్లూరు విశ్వాసులు ముగ్గురు ఒంగోలు కొండమీద మోకరించి ఆ ఊరికి ఒక సేవకుని పంపుమని ప్రార్థించారు. ప్రార్థన కొండ కథ మన సంఘములలో తెలియనివారుండరు. ఆ ప్రార్థనకు జవాబుగా 1866 సెప్టెంబరులో క్లౌ దంపతులు ఒంగోలులో కాపురము పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘము ఏర్పడింది.

ఎవరి యోగ్యత?

దొరగారు ఒంగోలులో స్థిరపడక ముందే దేవుడు పని ఆరంభించియున్నాడు. తాళ్ళకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్యగారు మాదిగ పెద్ద. గురువుల దగ్గర యోగము అభ్యసించి సత్యము కొరకు తపించినవాడు. తోళ్ళ వ్యాపారము మీద ఏలూరు ప్రాంతమునకు వెళ్ళి అక్కడ క్రీస్తును గూర్చి విన్నాడు. 1866లో బాప్తిస్మము పొందాడు. ఊరూరా తిరిగి తన బంధువులకు చెప్పాడు. 1867 జనవరిలో క్లౌ గారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, నమ్మినవారు అప్పటికే సిద్ధముగా ఉన్నారు. ఇరవై ఎనిమిదిమంది బాప్తిస్మము పొందారు.

ఇక్కడ మొదటి పరీక్ష వచ్చింది. ఒంగోలు పట్టణములోని పైకులములవారు కొందరు క్లౌ గారి మీద ఆదరముతో ఉండేవారు. తమ పిల్లలను బడికి పంపేవారు. మాదిగలను చేర్చుకొంటే తాము రాలేమని వారు తెలియజేశారు. పేరున్నవారిని ముందు సంపాదించి, తక్కినవారిని తరువాత చేర్చుకొనవచ్చును గదా అన్న ఆలోచన ఎవరికైనా వచ్చేదే. ఆ రోజులలో క్లౌ గారు తన గదిలోను, దొరసానిగారు ఇంట్లోను, ఒకరికి తెలియకుండ ఒకరు బైబిలు తెరువగా ఇద్దరికీ ఒకే భాగము కనబడింది. అది మొదటి కొరింథీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయము చివరి భాగము. లోకము ఎన్నికలేనివారని త్రోసివేసినవారిని దేవుడు ఏర్పరచుకొన్న సంగతి అక్కడ ఉన్నది. ఇద్దరూ దానిని దేవుని జవాబుగా ఎంచుకున్నారు. మాదిగలను చేర్చుకున్నారు, పైకులముల పిల్లలు బడి విడిచిపోయారు.

కృప అంటే ఏమిటో ఆ దినము ఒంగోలులో తేలిపోయింది. పుట్టుక వలన వచ్చే గౌరవము కూడా ఒక విధమైన పుణ్యఫలమని అప్పటి సమాజము నమ్మింది. ఆ పుణ్యఫలమును లెక్కలోనికి తీసికొంటే కృప కృప కాదు. క్లౌ గారు ఆ లెక్కను పక్కన పెట్టారు.

ధాత కరువు

1876లో వానలు లేవు. 1877లోను సరిగా లేవు. ధాత నామ సంవత్సరములో మొదలైనది గనుక మన పెద్దలు దానిని ధాత కరువు అన్నారు. దక్షిణదేశమంతటా యాభై లక్షలకు పైగా జనము చనిపోయారని చరిత్రకారులు లెక్క కట్టారు. ధాన్యము ఓడలలో వచ్చినా కొనుటకు డబ్బు లేదు. రైతు దగ్గర పనిలేనప్పుడు మొదట పస్తులున్నది కూలివాడు. ప్రభుత్వము కరువు పనులు పెట్టింది గాని, 1877 ఆరంభములో కూలిని తగ్గించి పెద్దవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, దానిపై కొద్ది పైకము మాత్రమే ఇచ్చింది. దినమంతా మట్టి మోసేవానికి అది చాలేది కాదు.

ప్రభుత్వము ఆ కాలములో తూర్పు తీరము వెంట పడవల కాలువను త్రవ్విస్తున్నది. అప్పటి మద్రాసు గవర్నరు పేరున దానికి బకింగ్‌హాం కాలువ అని పేరు. ఉత్తరాన పెద్దగంజాము నుండి చెన్నపట్నము మీదుగా దక్షిణాన మరక్కాణము వరకు పోతుంది. చెన్నైలో నివసించే మన సంఘస్థులు ఈనాడు ముక్కు మూసికొని దాటే నల్లనీళ్ళ కాలువ ఇదే. దాటేటప్పుడు ఒక్క నిమిషము ఆగి, ఇందులో ఒక భాగమును మన తాతలు ఆకలితో త్రవ్వారని పిల్లలకు చెప్పవలెను.

క్లౌ గారు ఆ కాలువలో సుమారు మూడు మైళ్ళ పనిని స్వయముగా కాంట్రాక్టు తీసికొన్నారు. మిన్నెసోటా అడవులలో నేర్చిన సర్వేయరు విద్య ఇక్కడ పనికివచ్చింది. రాజుపాలెము దగ్గర పాకలు వేయించారు, బావులు త్రవ్వించారు. వేలకొలది జనము వచ్చి చేరారు. క్రైస్తవులు వచ్చారు, కానివారు అంతకంటె ఎక్కువమంది వచ్చారు. సంఘ బోధకులే మేస్త్రీలై, ఒక్కొక్కరు సుమారు నూరుమందిని కనిపెట్టి పని చేయించారు. ఎవరినీ తిట్టలేదు, కొట్టలేదు, కూలి ఎగవేయలేదు. త్రవ్విన మట్టికి కొలత ప్రకారము డబ్బు ముట్టింది. కలరా వచ్చి పాకలలో జనము చచ్చిపోతుంటే, పారిపోకుండ ఉన్నవారిలో క్లౌ గారు, ఆ బోధకులు ఉన్నారు.

పని ఆగినప్పుడు, తట్టలు దించి జనము నీడకు కూర్చున్నప్పుడు, బోధకులు వారి మధ్య కూర్చుని మాట్లాడేవారు. మత్తయి సువార్త పదకొండవ అధ్యాయములో అలసినవారిని ప్రభువు తన యొద్దకు రమ్మని పిలిచిన పిలుపే వారు ఎక్కువగా చెప్పిన వర్తమానము. నెత్తిన మట్టితట్ట మోసినవారికి ఆ పిలుపును విడమరచి చెప్పనక్కరలేదు.

పదిహేను నెలలు

ఇప్పుడు అసలు సంగతికి వచ్చాము. వినినవారిలో అనేకులు బాప్తిస్మము కావాలని అడిగారు. క్లౌ గారు ఒప్పుకొనలేదు. 1877 మార్చి మొదలు 1878 జూను వరకు, పదిహేను నెలలు, ఆయన కొత్తగా ఎవరికీ బాప్తిస్మము ఇప్పించలేదు. అది ఆయన చేతిలో పనీ డబ్బూ ఉన్న కాలము. కాలువపని ముగిసిన తరువాత కూడా సహాయనిధుల సొమ్ము పంచే బాధ్యత ఆయనపై ఉన్నది. లెక్కలు చూపించుకొని అమెరికాలో పేరు తెచ్చుకొనవలెనంటే అంతకంటె మంచి సమయము లేదు. ఆయన చేయి చాపి అన్నము పెట్టారు. బాప్తిస్మమును మాత్రము ఆపి ఉంచారు.

ఎందుకు? అన్నము విశ్వాసమునకు వెల కాకూడదు గనుక. విశ్వాసము అన్నమునకు వెల కాకూడదు గనుక. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయము మనమందరము కంఠతః నేర్చినదే. రక్షణ దేవుడు ఉచితముగా ఇచ్చే వరమని అక్కడ పౌలు స్పష్టము చేశాడు. ఉచితమైనదానిని ఇచ్చువాడు అమ్మకూడదు, పుచ్చుకొనువాడు కొనకూడదు. సత్క్రియ చేసి దానికి బదులుగా ఒక ఆత్మను అడిగితే, చేసినవాడు వర్తకుడౌతాడు.

కొందరికి ఇక్కడ ఒక సందేహము కలుగవచ్చును. కలరాతో జనము చనిపోతున్న కాలములో బాప్తిస్మము ఆపివేయుట కఠినము కాదా? బాప్తిస్మపు నీళ్ళలోనే రక్షణ ఉన్నదని క్లౌ గారు నమ్మియుంటే అది నిజముగా కఠినమే. చనిపోయేవానికి నీళ్ళు ఇవ్వకుండ ఉండుట ఎవరి తరము? గాని ఆయన బాప్టిస్టు. మనుష్యుని రక్షించునది విశ్వాసమువలన అందుకొనే కృప అనియు, బాప్తిస్మము ఆ విశ్వాసమును బహిరంగముగా ఒప్పుకొనుటయే అనియు ఆయన నమ్మారు. ఆ పదిహేను నెలలలో ప్రభువును నమ్మి, బాప్తిస్మము లేకయే కన్నుమూసినవారిని దేవుడు విడిచిపెట్టడని నమ్మగలిగారు గనుకనే ఆయన వేచియుండగలిగారు. మన సిద్ధాంతము కాగితము మీద ఉన్నప్పుడు దాని బరువు తెలియదు. అది రాజుపాలెము పాకలలో తెలిసింది.

గుండ్లకమ్మ ఒడ్డున

1878 జూనులో సహాయపు పని ముగింపుకు వచ్చింది. ఇక ఇచ్చుటకు ఏమీ లేదని తెలియజేసి, క్లౌ గారు బోధకులను, విశ్వాసులను వెల్లంపల్లికి రమ్మన్నారు. అది ఒంగోలుకు ఉత్తరాన సుమారు పది మైళ్ళలో గుండ్లకమ్మ నది ఒడ్డున ఉన్న ఊరు. బాప్తిస్మము అడిగేవారిని అప్పుడే తీసికొనిరావద్దని కూడా కబురు పెట్టారు. అయినా వేలమంది వచ్చారు. చింతచెట్ల కింద, మామిడితోపులలో దిగారు.

ఇక సహాయము లేదని ఆయన వారికి చెప్పారు. తమకు సహాయము అక్కరలేదని వారు జవాబిచ్చారు. కాలువపనిలో బొబ్బలెక్కిన చేతులు చూపించి, ఇంతవరకు కష్టపడి బ్రతికాము, ఇకమీదటను అట్లే బ్రతుకుతాము, పంట మరల తప్పితే చనిపోతాము, చనిపోయినా క్రీస్తు ప్రజలుగా చనిపోవాలని ఉన్నదన్న భావముతో వారు వేడుకున్నారు. ఇంకా కాదనుటకు క్లౌ గారికి కారణము కనబడలేదు.

అయినా ఆయన గుంపును గుంపుగా నీళ్ళలోనికి దింపలేదు. ఏ ఊరివారిని ఆ ఊరి బోధకుడు విచారించాడు. పేర్లు వ్రాసికొన్నారు. సంగతి తెలియనివారిని, కొత్తగా విన్నవారిని ఆగమన్నారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మము పొందారు. మూడు దినములలో 3,536 మంది. జూలై 3న తెల్లవారి మొదలుపెట్టి, మధ్యాహ్నము ఎండలో కొంతసేపు ఆపి, సాయంకాలము వరకు సాగించారు. ఇద్దరు బోధకులు ఒకేసారి నదిలో నిలిచేవారు. అలసినప్పుడు వేరే ఇద్దరు దిగేవారు. మొత్తము ఆరుగురు, అందరూ అభిషేకము పొందిన తెలుగు బోధకులే. క్లౌ గారు ఆ దినము ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. ఒడ్డున నిలిచి పని క్రమముగా జరుగునట్లు చూశారు. కరువుకు ముందు మూడువేలకు పైగా ఉన్న ఒంగోలు సంఘము ఆ సంవత్సరాంతమునకు పన్నెండువేలు దాటింది.

ఆ పిమ్మట వచ్చిన క్రియలు

ఆ వార్త అమెరికాకు చేరినప్పుడు అందరూ సంతోషించలేదు. ఇంతమంది ఒక్కసారి ఎట్లు మారగలరని సందేహించినవారున్నారు. మన మీద పడిన బియ్యపు మాట ఆనాడే పుట్టింది. క్లౌ గారు ఆ 2,222 మంది హృదయములకు పూచీ పడలేదు, మనము కూడా పడలేము. వెనుకకు పోయినవారు లేకపోలేదు. అంతమందికి వాక్యము నేర్పుటకు పనివారు చాలలేదు. ఆ కొరత సంవత్సరముల తరబడి ఆయనను బాధించింది. వాటినీ దాచనక్కరలేదు.

గాని విశ్వాసము నిజమైనదా అని తెలిసికొనుటకు యాకోబు పత్రిక ఒక మార్గము చూపింది. చెట్టును పండ్లనుబట్టి చూచినట్లు విశ్వాసమును క్రియలనుబట్టి చూడవలెను. క్లౌ గారు మొదటినుండి మాదిగ విశ్వాసులకు మూడు నియమములు పెట్టారు. ఆదివారము పనిచేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసము తినకూడదు. విగ్రహములకు మ్రొక్కకూడదు. మనకు ఇవి చిన్నవిగా తోచవచ్చును. ఆనాటి పల్లెలో ఇవి ఎంత ఖరీదైనవో తెలియవలెను. చచ్చిన గొడ్డు మాదిగవాని హక్కు. దాని తోలుతోనే చెప్పులు, కపిలబానలు కుట్టి రైతుకు ఇచ్చి, కోతల కాలములో ధాన్యము పొందేవాడు. మాంసము మానుట అంటే కరువుదినములలో దొరికే తిండిని మానుట. ఆదివారము పని మానుట అంటే ఆసామి కోపమునకు గురి యగుట. జాతరలో డప్పు కొట్టననుట అంటే ఊరంతటికి ఎదురు నిలుచుట. అందువలన కొన్నిచోట్ల దెబ్బలు తిన్నారు, పనులు పోగొట్టుకున్నారు.

బియ్యము కోసము వచ్చినవాడు బియ్యము ఆగగానే పోవలెను. వీరు బియ్యము ఆగిన తరువాత వచ్చారు. వచ్చిన తరువాత ఉన్న తిండిని కూడా కొంత వదులుకున్నారు. క్రియలవలన రక్షణ కొనలేదు. రక్షణ కలిగింది గనుక క్రియలు వచ్చినవి. ముందు వేరు, తరువాత పండు. ఈ క్రమమును తారుమారు చేయకుండుటయే మన సిద్ధాంతమంతటి సారము.

క్లౌ గారి తక్కిన జీవితమును క్లుప్తముగా చెబుతాము. పల్లెలలో బడులు, ఒంగోలులో ఉన్నత పాఠశాల వెలసినవి. 1890 డిసెంబరు 28న మరల ఒక్క దినమున 1,671 మంది బాప్తిస్మము పొందారు. 1893లో హారియెట్ గారు ప్రభువునొద్దకు చేరారు. 1894లో ఆయన ఎమ్మా రౌషెన్‌బుష్ గారిని వివాహమాడారు. ఆమె మాదిగ విశ్వాసుల చరిత్రను శ్రద్ధగా విని గ్రంథస్థము చేశారు. 1910 నవంబరు 24న అమెరికాలోని రోచెస్టరులో క్లౌ గారు విశ్రాంతిలో ప్రవేశించారు. తరువాత ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలసింది.

మనకు దీనిలో ఏమున్నది?

మొదటిది, తలదించుకొనవలసిన పనిలేదు. మన పిల్లలు ఆ మాట విని ఇంటికి వచ్చినప్పుడు పదిహేను నెలల సంగతి, బొబ్బల చేతుల సంగతి చెప్పుదము. కోపముతో కాదు, కృతజ్ఞతతో చెప్పుదము.

రెండవది మనకే తగులుతుంది. మన సంఘములు ఇప్పుడు బీదవి కావు. క్రిస్మసుకు బట్టలు పంచుతున్నాము, పిల్లల ఫీజులు కడుతున్నాము. మంచిదే. గాని సహాయము తీసికొన్నవారు ఆదివారము ఆరాధనకు వచ్చారా లేదా అని పట్టీలో చూస్తున్నామా? ఇచ్చినదానికి రాతిపలక మీద పేరు కోరుతున్నామా? అట్లయితే క్లౌ గారు పదిహేను నెలలు జాగ్రత్తగా వేరుచేసి ఉంచినదానిని మనము మరల కలిపివేస్తున్నాము.

మూడవది, దీనికి అవతలి వైపు. విశ్వాసమే చాలునని చెప్పుకొని చేతులు ముడుచుకొనువారు మనలో ఉన్నారు. ఇప్పటికీ మన పట్టణములకు ఇటుకబట్టీలకు, మేడల పనులకు తెలుగు కుటుంబములు కొత్తగా వస్తున్నవి. వారికి అక్కడి భాష రాదు, అడ్రసు లేదు, కూలి సరిగా ముట్టదు. వారిలో ఎందరు మన మందిరపు గడప దాటుదురో మనకు తెలియదు. దాటినా దాటకపోయినా వారికి న్యాయమైన కూలి ఇప్పించుట, జబ్బుపడితే తోడుండుట మన పనియే. క్లౌ గారు కాలువ కాంట్రాక్టు పట్టినప్పుడు క్రైస్తవుల పేర్లు మాత్రమే వ్రాసికొనలేదు.

మన పెద్దల మీద కుమ్మరించబడిన ఉచితమైన కృపను మనము ఉచితముగానే పంచుటకు ప్రభువు మనకందరికి సహాయము చేయును గాక. ఆమేన్.